ప్లేస్‌మెంట్ కాగితాలు, టీకాలు: మెల్‌బోర్న్‌లో సోషల్ వర్క్ చదవడానికి వచ్చినవాళ్లకి

జూలైలో ఎంఎస్‌డబ్ల్యూలో (సోషల్ వర్క్ పీజీలో) చేరిన ఒక అమ్మాయి మొన్న రాత్రి ఫోన్ చేసింది. "అక్కా, ఫిబ్రవరిలో ప్లేస్‌మెంట్ అంటున్నారు. పోలీస్ చెక్ అంట, పిల్లల చెక్ అంట, టీకాలంట, టీబీ పరీక్షంట. ఏది ముందు చెయ్యాలో తెలియక టెన్షన్‌గా ఉంది" అంది. ఇదే సందేహం ఇంకా చాలామందికి ఉంటుందని ఇక్కడ రాస్తున్నాను.

ఆలస్యమయ్యేవే ముందు మొదలుపెట్టాలి. ఆస్ట్రేలియాలో సోషల్ వర్కర్ల సంఘం గుర్తింపున్న డిగ్రీకి మొత్తం 1000 గంటల ప్లేస్‌మెంట్, అంటే చదువులో భాగంగా ఒక సంస్థలో చేసే ప్రాక్టికల్ శిక్షణ, చెయ్యాలి. కాగితాలు పూర్తి కాకపోతే మొదటిరోజే గుమ్మం దగ్గర ఆపేస్తారు, గంటలు లెక్కలోకి రావు.

అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టేది హెపటైటిస్ బి టీకా. మామూలుగా మూడు డోసులు: మొదటిది, నెలకి రెండోది, ఆరో నెలలో మూడోది. చివరి డోసు తర్వాత నాలుగు నుంచి ఎనిమిది వారాలకి రక్తపరీక్ష చేసి, యాంటీబాడీలు 10 యూనిట్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నాయా అని చూస్తారు. మన దేశంలో ఈ టీకా ప్రభుత్వ కార్యక్రమంలో దేశమంతా వచ్చేసరికి 2011 అయింది. అందుకే ఇప్పుడు పీజీకి వస్తున్నవాళ్లలో కొందరికి చిన్నప్పుడు పడి ఉండదు. ముందు జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గర రక్తపరీక్ష చేయించుకోండి. ఇప్పటికే రక్షణ ఉందని తేలితే టీకా డబ్బులు మిగులుతాయి. రెండు డోసులయ్యాక, మూడోది వేయించుకుంటానని రాసిస్తే ఒప్పుకునే చోట్లు కూడా ఉన్నాయి, అడగండి.

ఆటలమ్మకీ అంతే. "చిన్నప్పుడు అమ్మవారు పోసింది" అంటే ఇక్కడ చాలదు, రక్తపరీక్ష కాగితం చూపించాలి. ఇంట్లో అమ్మ దాచిన టీకా కార్డు ఉంటే ఫొటో తెప్పించుకోండి. తెలుగులో రాసి ఉంటే NAATI (అనువాదకులకి గుర్తింపునిచ్చే ఇక్కడి సంస్థ) గుర్తింపున్న అనువాదకుడితో అనువాదం చేయించాలి. మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) లేకపోయినా మీ టీకాల వివరాలు ఇక్కడి ఇమ్యునైజేషన్ రిజిస్టర్‌లో ఎక్కించమని జీపీని అడగొచ్చు. కొత్తగా పెళ్లయి వచ్చిన అమ్మాయిలు ఒకటి గుర్తుపెట్టుకోండి: ఎమ్ఎమ్ఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకి వేసేది), ఆటలమ్మ టీకాలు గర్భంతో ఉన్నప్పుడు వెయ్యరు, వేయించుకున్నాక నెలరోజులు గర్భం రాకుండా చూసుకోమంటారు.

టీబీ పరీక్షలో నేను దెబ్బతిన్నాను. ఎమ్ఎమ్ఆర్ వేయించుకున్న వారానికి మాంటూ పరీక్షకి, అంటే చర్మం మీద చేసే టీబీ పరీక్షకి, వెళ్లాను. నర్సు ముంజేతి మీద సూది వేసి, చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీస్తూ, "ఈమధ్య ఏమైనా టీకాలు వేయించుకున్నారా?" అని మాటవరసకి అడిగింది. చెప్పగానే ఆగిపోయింది. బతికున్న క్రిములతో చేసే ఆ టీకాల తర్వాత కొన్ని వారాలు టీబీ పరీక్ష తప్పు ఫలితం చూపించవచ్చట. నెల ఆగి మళ్లీ చేయించుకోవాల్సి వచ్చింది, ప్లేస్‌మెంట్ మూడు వారాలు వెనక్కి పోయింది. కాబట్టి టీబీ పరీక్ష ముందు, లేదా టీకా రోజునే. ఇంకో మాట, మనందరి భుజం మీదా బీసీజీ మచ్చ ఉంటుంది కదా, దానివల్ల మాంటూలో వాపు రావచ్చు. క్వాంటిఫెరాన్ అనే రక్తపరీక్షకి ఆ ఇబ్బంది లేదు, వీలైతే అదే అడగండి. వీసాకి తీయించుకున్న ఛాతీ ఎక్స్‌రే దీనికి బదులు కాదు.

ఇక పోలీస్ కాగితాలు. నేషనల్ పోలీస్ చెక్ ఆ రోజు వరకు మీ రికార్డు మాత్రమే చూపిస్తుంది. వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ (ఆ అమ్మాయి చెప్పిన పిల్లల చెక్, పిల్లలతో పనిచేసేవాళ్లకి చేసేది) ఐదేళ్లు నడుస్తుంది, ఆ ఐదేళ్లూ మీ రికార్డును గమనిస్తూనే ఉంటారు. విక్టోరియాలో జీతం లేని ప్లేస్‌మెంట్‌కి వాలంటీర్ రకం తీసుకుంటే ఫీజు లేదు, కానీ దానితో జీతం ఉద్యోగం చెయ్యకూడదు. ఇల్లు మారితే అడ్రస్ మార్చండి. వికలాంగుల సేవల్లో ప్లేస్‌మెంట్ వస్తే ఎన్‌డీఐఎస్ (ఇక్కడి ప్రభుత్వ వికలాంగుల సహాయ పథకం) చెక్ కూడా అడగవచ్చు.

ఇండియా పోలీస్ క్లియరెన్స్ అడిగే చోట్లు కూడా ఉన్నాయి. ఇంకా బయల్దేరనివాళ్లు పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలోనే తీసుకుని రండి. ఇక్కడికొచ్చాక వీఎఫ్ఎస్ (భారత కాన్సులేట్ తరఫున దరఖాస్తులు తీసుకునే సంస్థ) ద్వారా పెట్టుకోవాలి, ఊళ్లో పోలీస్ విచారణ ఉంటే ఎన్ని వారాలైనా పట్టవచ్చు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, పెళ్లి తర్వాత ఇంకో ఇంటిపేరు ఉంటే అన్ని పేర్లూ అన్ని ఫారాల్లో రాయండి. ఒక్కటి వదిలేసినా దాచారనుకుంటారు.

రికార్డులో ఏదైనా కేసు ఉంటే యూనివర్సిటీ ప్లేస్‌మెంట్ ఆఫీసుకి ముందే చెప్పండి. కేసు ఉన్నంత మాత్రాన తలుపు మూసుకుపోదు, ఆ పనికి దానికి సంబంధం ఉందా అని చూస్తారు. దాచి తర్వాత బయటపడితే మాత్రం నమ్మకం పోతుంది.

రక్తపరీక్షలో హెపటైటిస్ బి ఉందని తేలితే కంగారుపడకండి. మనవైపు దీని గురించి ఎంత చెడ్డగా మాట్లాడతారో నాకు తెలుసు, అందుకే చెప్తున్నాను. శస్త్రచికిత్సలు చేసేవాళ్లకున్న నిబంధనలు వేరు. సోషల్ వర్క్‌లో మనం అలాంటి పని చెయ్యం, చదువు ఆపాల్సిన పనిలేదు. రూమ్మేట్లకి చెప్పనక్కర్లేదు. జీపీకి చెప్పి, క్రమంగా చూపించుకుంటూ ఉండండి.

ఆ అమ్మాయికి రేపు ఉదయమే జీపీ దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. రక్తపరీక్షతో మొదలుపెట్టమన్నాను.