వైద్య నిర్లక్ష్యానికి గురైన రోగి ఎవరిని ఆశ్రయించాలి?

ఆపరేషన్‌లో జరిగిన పొరపాటు వల్ల హాని కలిగితే చట్టపరంగా ఏం చేయవచ్చన్నది ప్రశ్న. అన్నిటికంటే ముందు కేస్ షీటు నకలు సంపాదించండి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు. ఏ గంటకు ఏ ఇంజెక్షన్ ఇచ్చారో, బీపీ ఎప్పుడు పడిపోయిందో, డాక్టరును ఎప్పుడు పిలిచారో నర్సులు రాసిన కాగితాల్లోనే తెలుస్తుంది. అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి చెబుతోంది.

డబ్బు చెల్లించి పొందిన వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది కాబట్టి, నష్టపరిహారానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించడమే చాలామందికి అనువైన దారి అని నా అభిప్రాయం. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. చాలా కుటుంబాలు దుఃఖంలో దీన్ని దాటబెట్టుకోవడం బాధాకరం. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి అయితే సివిల్ కోర్టుకు వెళ్లాలి.

రోగి మరణిస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద వైద్యునికి రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అయితే నిర్లక్ష్యం తీవ్రమైనదై ఉండాలని, అభియోగానికి ముందు మరో నిష్పాక్షిక వైద్యుని అభిప్రాయం తీసుకోవాలని సుప్రీంకోర్టు 2005లో స్పష్టం చేసింది. రాష్ట్ర వైద్య మండలి వైద్యుని రిజిస్ట్రేషన్‌పై చర్య తీసుకోగలదు గానీ పరిహారం ఇప్పించలేదు.