భార కేంద్రకాల శక్తిస్థాయిలను కొలవబోయే విద్యార్థికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఆల్ఫా వర్ణపటంతో, అంటే ఏ శక్తి వద్ద ఎన్ని ఆల్ఫా కణాలు వచ్చాయో చూపే పటంతో, భారీ ఐసోటోపుల శక్తిస్థాయిలను కొలవబోతున్నావని రాశావు, సంతోషం. నేను ముందుగా చెప్పదలచినది ఒక్కటే: ఆ పటంలోని ఒక్క శిఖరాన్ని చూసి ఏ స్థాయినీ నిర్ధారించకు. ఆల్ఫా వైపు నుంచి వచ్చిన విలువా గామా కిరణాల వైపు నుంచి వచ్చిన విలువా సరిపోయేంతవరకు ఆ అంకెను అనుమానంగానే చూడు.

ప్లుటోనియం-238నే తీసుకో. అది యురేనియం-234గా మారేటప్పుడు వెలువడే ఆల్ఫా కణాల్లో ఎక్కువ భాగం 5499 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద, తక్కిన వాటిలో దాదాపు అన్నీ 5456 దగ్గర కనిపిస్తాయి. వాటి మధ్య తేడా 42.7 మాత్రమే, కాని గామా కొలతలు యురేనియం-234 మొదటి ఉత్తేజిత స్థాయి (కేంద్రకం అదనపు శక్తితో ఉండే స్థితి) 43.5 అంటాయి. ఆల్ఫా బయటికి దూకినప్పుడు కేంద్రకం వెనక్కి తన్నుకుని శక్తిలో కొంత తానే తీసుకుంటుంది కనుక, ఆ తేడాను 238/234తో గుణిస్తేనే లెక్క కుదురుతుంది. తరువాతి స్థాయి 143.4 వద్ద ఉంది. ఈ రెంటి నిష్పత్తి 3.3 కావడం, ఆ కేంద్రకం గుండ్రంగా కాక సాగిన ఆకారంలో ఉండి భ్రమిస్తోందనడానికి గట్టి ఆధారం.

అయితే ఆ 43.5 గామా అంత తేలికగా దొరకదు. ఉత్తేజిత కేంద్రకం చాలాసార్లు గామాను విడుదల చేయడానికి బదులు తన శక్తిని కక్ష్యలోని ఎలక్ట్రానుకు అప్పగిస్తుంది. అందువల్ల పదివేల విఘటనల్లో నాలుగింటికి మాత్రమే ఆ గామా వస్తుంది. పైగా సోర్సును, అంటే రేడియోధార్మిక నమూనాను, డిటెక్టరుకు మరీ దగ్గరగా పెడితే, ఆ ఎలక్ట్రాను శక్తి ఆల్ఫా శక్తితో కలిసిపోయి 5456 శిఖరంలో నమోదు కావలసిన కణాల్లో కొన్ని పై శక్తుల వైపు జారుతాయి. లెక్కింపు వేగం తగ్గినా సరే, దూరం పెంచు.

సోర్సు పొర పలుచగా ఉండాలి. మందమైతే ప్రతి శిఖరానికీ ఎడమవైపు తోక మొలుస్తుంది. నమూనాలో ప్లుటోనియం-241 ఉంటే అమెరీషియం-241 పేరుకుంటూనే ఉంటుంది, దాని ప్రధాన శిఖరం 5486 వద్ద, అంటే నీ శిఖరానికి 13 దూరంలోనే వస్తుంది. మామూలు సిలికాన్ డిటెక్టరు ఆ రెంటినీ చక్కగా విడదీయలేదు. రసాయనికంగా శుద్ధి చేసిన వెంటనే కొలువు, 59.5 గామా కనిపిస్తే అమెరీషియం ఉన్నట్టే.

ప్లుటోనియం-238 అర్ధాయువు 87.7 ఏళ్లు కనుక, దాన్ని కొలవడానికి క్షీణత కోసం ఎదురుచూడనక్కరలేదు. పరమాణువుల సంఖ్య, క్రియాశీలత (సెకనుకు జరిగే విఘటనలు) తెలిస్తే చాలు. పరిసరాల నుంచి వచ్చే లెక్కింపును తీసివేయడానికి, నమూనా లేకుండా కూడా అంతే సేపు లెక్కించు.

చివరగా, వెనక్కి తన్నుకున్న కేంద్రకాలు డిటెక్టరు ముఖానికి అంటుకుంటాయి కాబట్టి, సోర్సూ డిటెక్టరూ ఉండే శూన్య పాత్రలో గాలిని పూర్తిగా తీసేయకుండా కాస్త మిగల్చు.