తీగను బి దాకా దించితే గరగర ఎందుకు, రెండో బేస్ ఎందుకు

బేస్ గిటార్ లావు తీగను ఇ శ్రుతి నుంచి కిందిదైన బి దాకా దించితే గరగరమంటోంది, స్టేజీకి రెండో బేస్ ఎందుకు తెస్తారు అని అడిగారు. లోపం మీ బేస్‌లో లేదు, తీగ బిగువులో ఉంది. లావు తీగను ఇ నుంచి బి దాకా దించితే బిగువు దాదాపు 44 శాతం పడిపోతుంది. వదులైన తీగ ఫ్రెట్లకు (నొక్కే చోట అడ్డంగా ఉండే లోహపు గీతలకు) కొట్టుకుంటుంది. లాగుడు తగ్గి నెక్ (గిటార్ పొడవాటి కాడ) కూడా కాస్త వెనక్కి వాలుతుంది. స్టేజీ మీద పాటపాటకీ ఇది సరిచేయలేం. అందుకే చాలామంది రెండో బేస్ తెస్తారు.

ఉన్నదాన్నే బి, ఇ, ఎ, డి శ్రుతులకు (లావు తీగ నుంచి సన్న తీగకు వరసగా) మార్చాలంటే:

1. 5 తీగల సెట్ కొనండి. సన్నని జి తీగ పక్కన పెట్టి మిగతా 4 ఎక్కించండి. లావుది 130 సైజు (అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం) ఉండాలి.

2. నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే చిన్న పట్టీ) గాడి చూడండి. అందరూ వదిలేసేది ఇదే! పాత 105 సైజు తీగకు కోసిన గాడిలో 130 కూర్చోదు. పైనే తేలుతుంది, మొదటి ఫ్రెట్ నొక్కగానే శ్రుతి పెరిగిపోతుంది. గాడిని పక్కలకే వెడల్పు చేయించండి. అడుగు అరిగితే నొక్కని తీగ కూడా గరగరమంటుంది.

3. లావు తీగను 1వ ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టండి. 8వ ఫ్రెట్‌కూ తీగకూ మధ్య సందు 0.3 మి.మీ. ఉండాలి. లేకపోతే ట్రస్ రాడ్‌తో (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) సరిచేయండి, కానీ దాన్ని ఒక్కోసారి పావు చుట్టుకు మించి తిప్పొద్దు.

4. ఆఖర్న 12వ ఫ్రెట్ దగ్గర ఇంటొనేషన్ (ఫ్రెట్ నొక్కినా శ్రుతి సరిగా పలకడం) చూసుకోండి.

వెడల్పైన గాడిలో పాత తీగలు అటూఇటూ కదులుతాయి, కాబట్టి ఆ బేస్‌ను ఇక బి కే ఉంచేయండి.