12 ఏళ్ల పిల్లకు ‘బోన్స్’ చూపించవచ్చా?

చిరంజీవి లావణ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఎముకలు పరీక్షించి హత్య కేసులు తేల్చే అమెరికా టీవీ సిరీస్ ‘బోన్స్’ను చూస్తానని మీ అమ్మాయి మేధ పట్టుబడుతోందని, బడిలో స్నేహితులంతా చూస్తున్నారంటోందని రాశావు. చూడనివ్వాలో వద్దో నన్ను తేల్చమన్నావు. ఉద్యోగ జీవితమంతా ఫోరెన్సిక్ మెడిసిన్ పాఠాలు చెబుతూ, మార్చురీలో పోస్టుమార్టాలు చేస్తూ గడిపినదాన్ని కాబట్టి ఇలాంటి సిరీస్‌లను నేను కాస్త వేరే కళ్లతో చూస్తాను. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. మొత్తం 12 సీజన్లనూ పిల్ల చేతికి వదిలేయకు. అలాగని పూర్తిగా వద్దనకు. నువ్వు ముందుగా చూసి ఎంచిన ఎపిసోడ్లు మాత్రం, నువ్వు పక్కన కూర్చుని చూపించు.

‘టీవీ-14’ అని, అంటే 14 ఏళ్లలోపు పిల్లలకు తగకపోవచ్చని, ఉంది కదా, మేధకు ఇంకా రెండేళ్లే తక్కువ కదా అన్నావు. మీ అమెరికాలో 1997 నుంచి అమల్లో ఉన్న ఆ గుర్తులను ఏ ప్రభుత్వ సంస్థో చూసి ఇచ్చేది కాదు, ప్రసారం చేసే చానలే తన కార్యక్రమానికి తాను వేసుకుంటుంది. ఇక్కడ మన దగ్గర కూడా 2021 నిబంధనల ప్రకారం యు/ఏ 13+, యు/ఏ 16+ వంటివి ఆన్‌లైన్ సంస్థలే నిర్ణయించుకుంటాయి. అందుకని ఆ అంకెను కొట్టిపారేయకు, దాని మీదే ఆధారపడకు. పక్కన ఉండే అక్షరాలను చూడు. వి అంటే హింస, ఎస్ అంటే లైంగిక విషయాలు, డి అంటే పెద్దల సంభాషణ, ఎల్ అంటే మోటు భాష.

తల్లిదండ్రులు సాధారణంగా భయపడేది శవాన్ని చూసి. ఈ సిరీస్‌లో ప్రతి ఎపిసోడూ దాదాపు ఒకే తీరుగా మొదలవుతుంది. ఎవరో తమ పనిలో తాముండగా కుళ్లిన శవం ఒకటి బయటపడుతుంది, పురుగులతో సహా దాన్ని దగ్గరగా చూపిస్తారు, వెంటనే పేర్లు పడతాయి. ఆ రెండు మూడు నిమిషాలు నిజంగానే జుగుప్సగా ఉంటాయి. కానీ నన్నడిగితే వాటికి రెండో స్థానమే ఇస్తాను. బాగా గట్టి పిల్లలు ‘ఛీ’ అని మొహం తిప్పుకుని మళ్లీ చూస్తారు. మేధ తిప్పుకోలేకపోతే అక్కడికక్కడ ఆపెయ్యవచ్చు.

మొదట చూడవలసింది శవం ముందు నిలబడ్డ మనుషులను. మా మార్చురీలో ఒక అటెండర్ ఉండేవాడు. తల భాగం పరీక్షకు చర్మాన్ని ఒక చెవి వెనక నుంచి ఇంకో చెవి వెనక దాకా కోస్తాం. పని అయ్యాక అతను ఆ కోతను సన్నగా కుట్టి, జుట్టు తడిపి, దువ్వెనతో ఆ కుట్టు మీదికి దువ్వేవాడు, బయట కాచుకుని ఉన్న తల్లికో భార్యకో అది కనపడకూడదని. ఎవరూ చెప్పకపోయినా ప్రతి శవానికీ అలాగే చేసేవాడు. నేను ఏ ఎపిసోడునైనా ఆ దృష్టితోనే తూస్తాను. ఆ ఎముకలు ఒకప్పుడు ఒక మనిషివని కథకు గుర్తుందా? పోయినవారి ఇంటివాళ్లకు ఏడవడానికి కాస్త చోటు మిగిల్చారా? లేక శవం ముందు చమత్కారాలు విసురుకుని, ముద్దాయిని పట్టుకుని, ప్రేమ కబుర్లలోకి వెళ్లిపోయారా? ‘బోన్స్’లో రెండు రకాలూ ఉన్నాయి. అందుకే ఎంచుకోమంటున్నాను.

ఎంచుకోవడానికి రెండు ఉదాహరణలు ఇస్తాను, రెండూ మొదటి సీజన్‌లోవే. మూడో ఎపిసోడ్‌లో పేరున్న ప్రైవేటు బడి ఆవరణలో ఒక విద్యార్థి చెట్టుకు వేలాడుతూ కనిపిస్తాడు. ముందు ఆత్మహత్య అనుకుంటారు, తర్వాత కథ లైంగిక వీడియోల దాకా పోతుంది. మేధ వయసు పిల్లకు అది ఎంతమాత్రం వద్దు. చనిపోయినది పిల్లలైనా, ఆత్మహత్య ప్రస్తావన ఉన్నా ఆ ఎపిసోడును పక్కన పెట్టెయ్యి. మొట్టమొదటి ఎపిసోడుతో కూడా మొదలుపెట్టకు, అందులో హత్యకు గురైనది గర్భవతి అయిన యువతి, సెనేటర్‌తో సంబంధం కథ.

తొమ్మిదో ఎపిసోడుతో మొదలుపెట్టు. క్రిస్మస్ సమయంలో ప్రయోగశాలలో అందరూ బయటికి వెళ్లే వీలు లేక చిక్కుకుపోతారు. వాళ్ల ముందున్నది అర్ధశతాబ్దం కింద అణుదాడి రక్షణ గదిలో చనిపోయిన ఒక మనిషి అస్థిపంజరం. అతను తెల్లవాడు, ప్రేమించినది నల్లజాతి అమ్మాయిని. ప్యారిస్ వెళ్లిపోవాలనుకున్నారు. అతను తనను వదిలేసి పోయాడని బతుకంతా అనుకున్న ఆమె, ముసలితనంలో అసలు సంగతి వింటుంది. ఎముకలు చదవడం ఎందుకు అని పిల్ల అడిగితే ఇంతకన్నా మంచి జవాబు లేదు. అలాంటి పెళ్లిళ్లు మీరుంటున్న వర్జీనియాలోనే 1967లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా నేరమని కూడా చెప్పు. మేధ నమ్మలేదంటే మంచిదే, వెతికి చదువుకుంటుంది.

ఇంకో సంగతి పెద్దవాళ్లకు తట్టదు. పిల్లలను నిద్రలో లేపేది తెలియని శవం కాదు, తెలిసిన మనిషికి వచ్చే ప్రమాదం. రెండో సీజన్‌లో ఎముకల నిపుణురాలైన కథానాయిక డాక్టర్ బ్రెనన్‌నూ, ఆమె జట్టులోని హాడ్జిన్స్‌నూ కారుతో సహా సజీవంగా పాతిపెట్టే ఎపిసోడ్ ఉంది. మూడో సీజన్‌లో మనుషుల మాంసం తినే హంతకుడి కథ నడుస్తుంది, చివరికి జట్టులోని యువకుడే వాడికి తోడయ్యాడని తేలుతుంది. ఆరో సీజన్ చివర్లో ప్రయోగశాలలోనే ఒక కుర్రవాడిని కాల్చి చంపుతారు. వారాల తరబడి ఇష్టపడ్డ మనుషులకు ఇవి జరిగితే 12 ఏళ్ల పిల్ల ఎలా తట్టుకుంటుంది? ఒక్క ఎపిసోడులో మొదలై అందులోనే ముగిసే కథలు ఎంచు. వరుసగా సాగే హంతకుల కథలు రెండు మూడేళ్లు ఆగవచ్చు.

ఇక, నేను రాయడానికి సంకోచించిన విషయం. మీ మామగారు పోయిన ఏడాది ఒంగోలు దగ్గర రోడ్డు ప్రమాదంలో పోయారు. ప్రమాద మరణం కాబట్టి పోస్టుమార్టం చేశారు. తెల్లగుడ్డ చుట్టి ఇంటికి తెచ్చినప్పుడు మేధ వాకిట్లోనే ఉంది. ‘తాతయ్యను కోశారా’ అని నన్ను వంటింట్లో అడిగింది. ఉన్నది ఉన్నట్టు, తనకు అర్థమయ్యేంత వరకు చెప్పాను. ఇప్పుడు ఈ సిరీసే కావాలని అడగడంలో ఎముకల మీద ఆసక్తి ఎంత, ఆ రోజు తాలూకు ప్రశ్న ఎంత అన్నది నువ్వే గమనించాలి. చూసే ముందే మెల్లగా అడుగు. తాతయ్య ఊసెత్తితే ఆ రోజు టీవీ కట్టేసి ఆయన గురించే మాట్లాడుకోండి. వాహన ప్రమాదాల ఎపిసోడ్లు ఈ ఏడాదికి వద్దు.

శాస్త్రం విషయంలో తనను హెచ్చరించు. కటి ఎముక ఆకారాన్ని బట్టి ఆడా మగా అన్నది, ఎముకల చివరలు అతుక్కున్న తీరును బట్టి వయసు అంచనా వేయడం నిజమే. కానీ తెర మీద నిమిషాల్లో పుర్రెకు ముఖం మొలుస్తుంది, డీఎన్‌ఏ ఫలితం ఇట్టే వచ్చేస్తుంది. మేము కోర్టులో ‘అయి ఉండవచ్చు’ అని, ‘ఇంత నుంచి ఇంతలోపు’ అని మాత్రమే చెప్పేవాళ్లం, దాని మీదా గంటల కొద్దీ అడ్డుప్రశ్నలు ఎదుర్కొనేవాళ్లం. పరీక్ష జరిగితే తప్పు దొరికిపోతుందని పిల్లలు నమ్మేస్తే, రేపు నిజమైన కేసులో ఆధారం చాలలేదన్న వార్త వాళ్లకు మోసంలా కనిపిస్తుంది.

పగటిపూట, వారానికి ఒకటి చాలు. రాత్రి పడుకునే ముందు వద్దు. భయం వేసిందా అని అడిగితే లేదంటుంది, ఆ వయసు అంతే. దీపం వేసుకుని పడుకుంటోందా, స్నానాల గదికి ఒంటరిగా వెళ్లడం మానిందా, అన్నం దగ్గర నసుగుతోందా చూడు. అవేవీ లేకపోతే వచ్చే వారం ఇంకొకటి చూపించు.

ఈలోగా వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సహజ చరిత్ర ప్రదర్శనశాలకు తీసుకువెళ్లు, ప్రవేశం ఉచితం. అక్కడ అస్థిపంజరాలకే ఒక హాలు ఉంది. మేధ అక్కడ ఎంతసేపు నిలబడిందో, ఏ ప్రశ్నలు అడిగిందో రాసి పంపు. ఆదివారం ఫోనులో వాటికి నేను జవాబులు చెబుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ