రెండు మోడళ్లు రెండు దారులు చూపిస్తుంటే వరి కోత సంగతి ఎలా తేల్చుకోవాలి?

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో మీ నాలుగెకరాల వరి కోతకు వచ్చింది. ఈ రోజు ఆదివారం. వాతావరణ పటాలు చూపే విండీ యాప్‌లో చూస్తే యూరోపియన్ మోడల్, అంటే వాతావరణాన్ని ముందుగా అంచనా కట్టే వారి కంప్యూటర్ లెక్క, శుక్రవారం నాటికి తుపానును కళింగపట్నం దగ్గర తీరం దాటిస్తోంది, అమెరికా వారి మోడల్ జీఎఫ్ఎస్ మాత్రం దాన్ని సముద్రంలోనే మలుపు తిప్పి ఒడిశాలోని గోపాల్‌పూర్ వైపు పంపిస్తోంది. వీటిలో దేన్ని నమ్మి కోత పెట్టుకోవాలని మీరు అడిగారు. నాది సోంపేట మండలం. కొద్దిగా కొబ్బరి, కొద్దిగా వరి ఉన్నాయి, 2018లో తిత్లీ తుపాను వచ్చిన నాటి నుంచి ఈ మోడళ్లను రోజూ చూసే అలవాటు పట్టుకుంది. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

మీరు జతచేసిన రెండు స్క్రీన్‌షాట్లలోనూ తుపాను కన్ను, అంటే దాని నడిబొడ్డు, ఎక్కడుందో వదిలేసి వాన పటాన్ని మాత్రమే చూడండి. ఒకదానిలో మీ మండలం మీద వాన గురువారం రాత్రి మొదలవుతోంది, రెండోదానిలో శుక్రవారం మధ్యాహ్నం. తగువంతా గాలి, ఉప్పెన ఎవరి మీదకు వస్తాయన్న దాని గురించే గాని, మీ పొలం తడుస్తుందా లేదా అన్న దాని గురించి కాదు. తడుస్తుందని రెండూ అంటున్నాయి. కాబట్టి మీకు తేలవలసింది వాన ఏ పూట మొదలవుతుందన్న ఒక్క సంగతే, అందులో తేడా పన్నెండు, పద్నాలుగు గంటలకు మించి లేదు.

దారి విషయంలో మోడళ్లు ఇంతగా విడిపోవడానికి మన తీరం వాలు ఒక ముఖ్య కారణం. ఇక్కడి ఒడ్డు నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది, ఉత్తరానికి మలుపు తిరిగే తుపాను దాదాపు ఒడ్డు వెంబడే నడుస్తుంది గనుక, దాని దిశలో చిన్న తేడా వచ్చినా తీరం దాటే చోటు యాభై, వంద కిలోమీటర్లు జరిగిపోతుంది. కళింగపట్నం దగ్గర దాటితే మీరు తుపాను కంటికి కుడి పక్కన పడతారు, అప్పుడు గాలి సముద్రం మీద నుంచి వచ్చి కెరటాలను లోపలికి తోస్తుంది. గోపాల్‌పూర్ దగ్గర దాటితే మీరు ఎడమ పక్క, గాలి నేల మీద నుంచి సముద్రంలోకి పోతుంది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలితో తీరం దాటినప్పుడు మేము కుడి పక్కన ఉన్నాం. రాత్రంతా ఈశాన్యపు గాలి, తెల్లవారే వేళకు అది తూర్పుకు తిరిగింది. పొద్దున్న వెళ్లి చూస్తే మా తోటలో కూలిన చెట్లలో ఎక్కువ భాగం తలలు పడమటికి పెట్టి పడి ఉన్నాయి, వాటి కింద జీడిమామిడి కొమ్మలు వేళ్లతో సహా లేచిన మట్టిలో కూరుకుపోయాయి. మా అత్తవారిది గార మండలం, అంటే ఎడమ పక్క. అక్కడ పెంకులు కూడా పెద్దగా కదలలేదు. మధ్య దూరం వంద కిలోమీటర్లు కూడా ఉండదు.

ఇంకో మాట. మీరు చూస్తున్నది ఇంకా అల్పపీడనమే. అది వాయుగుండం అయ్యేదాకా దాని కేంద్రం ఎక్కడుందన్న లెక్కలోనే మోడళ్లకు పొత్తు కుదరదు, మొదటి అడుగే వేరైనప్పుడు అయిదో రోజు గీత వేరుగా ఉండడంలో ఆశ్చర్యమేమీ లేదు. అందుకని నేను ఒక నోటుబుక్కులో ఒక్కో రన్‌కు, అంటే మోడల్ కొత్తగా కట్టే ఒక్కో లెక్కకు, ఒక్కో వరుస రాసుకుంటాను: తీరం దాటే చోటు, మా ఊళ్లో వాన మొదలయ్యే గంట. జీఎఫ్ఎస్ రోజుకు నాలుగుసార్లు కొత్త లెక్క కడుతుంది. యూరోపియన్ మోడల్‌లో నేను చూసే రన్లు ఉదయం, సాయంత్రం 5.30 గంటల పరిశీలనలతో కట్టేవి, అవి మన ఫోనులోకి రావడానికి ఆరేడు గంటలు పడుతుంది, అంటే పొద్దుటిది భోజనాల వేళకు అందుతుంది. వరుసగా నాలుగు రన్లలో గీత ఒకే చోట నిలబడితే నేను దానికి విలువ ఇస్తాను. పూటకొక చోటికి గెంతే మోడల్ ఎంత పేరున్నదైనా ఆ పూటకు పక్కన పెడతాను. 2022 మేలో అసని తుపాను ఉత్తరాంధ్ర, ఒడిశా తీరాలకు దగ్గరగా వచ్చి ఈశాన్యానికి తిరిగి వెళ్లిపోతుందని మొదట అన్నారు, అది చివరికి మచిలీపట్నం, నర్సాపురం మధ్య నేలకెక్కింది. మన వైపు మిగిలింది మీ మండలంలోనే సున్నాపల్లి ఒడ్డుకు కొట్టుకొచ్చిన బంగారు రంగు రథం.

మోడళ్లు బలం విషయంలో దారి కంటే ఎక్కువగా పొరబడతాయి. 2021 డిసెంబరులో జవాద్ తుపాను వస్తోందని బడులకు సెలవులిచ్చారు, రైళ్లు ఆపారు. నేను గాలి పటంలో ఎరుపు రంగు చూసి భయపడి, పైరు పడిపోతుందని తొందరపడి రెండెకరాలు కోయించాను. జవాద్ సముద్రంలోనే నీరసించి తీవ్ర వాయుగుండమై ఒడిశా వైపు వెళ్లిపోయింది. తుపాను గండం గడిచిందని ఊరంతా ఊపిరి పీల్చుకున్న రోజునే నా పనలు జల్లుల్లో నానాయి, నాలుగో రోజుకు కంకుల మీదే తెల్లటి మొలక కనిపించింది. పక్క చేను వాళ్లు కోయలేదు. వాళ్ల పైరు ఒరిగింది గాని, గింజ దక్కింది. తుపాను బలహీనపడిందన్న వార్తకూ వాన రాదన్న మాటకూ సంబంధం లేదని ఆ ఏడు రెండెకరాల ఖర్చుతో నేర్చుకున్నాను.

మీ సంగతికి వస్తే, చేత్తో కోసిన పన కనీసం మూడు రోజులు ఎండితే గాని కుప్పకు పనికిరాదు. రేపు, అంటే సోమవారం కోసింది గురువారం సాయంత్రానికి అతి కష్టం మీద కుప్పకెక్కుతుంది, మంగళవారం కోసింది ఎక్కదు. కాబట్టి మెరకలో బాగా పండిన ఎకరం, ఎకరంన్నర మాత్రం రేపు పొద్దున్నే కోయించి, మంగళవారం నుంచి కోత ఆపేయండి. కోత మిషన్ దొరికితే కోయవచ్చు, కానీ పచ్చి ధాన్యాన్ని ఆరబోయడానికి కప్పున్న చోటు ముందే చూసుకోవాలి. మిగిలిన పైరును నిలబడి ఉండగానే వదిలేసి, మడిలో నీరు నిలవకుండా గట్లకు గండ్లు కొట్టి పెట్టండి. వాన తరవాత కంకి తడిసి పడి ఉంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేస్తే మొలక కొంత ఆగుతుంది.

ఇల్లు వదిలి వెళ్లడం, పశువులను తరలించడం లాంటి విషయాలకు మాత్రం ఈ మోడళ్లనూ నన్నూ పక్కన పెట్టి, విశాఖపట్నం తుపాను హెచ్చరికల కేంద్రం ప్రకటననే పట్టుకోండి. వారి దగ్గర ఇవే మోడళ్లతో పాటు రాడార్లు, ఉపగ్రహాలు, వాటిని చదవగల మనుషులూ ఉన్నారు. మీరు బుధవారం మధ్యాహ్నం యూరోపియన్ రన్ వచ్చాక వాన మొదలయ్యే గంట మరొక్కసారి చూడండి. వాన అనుకున్న దాని కంటే ముందే మొదలవుతుందని కనిపిస్తే, పనలు కాస్త పచ్చిగా ఉన్నా సరే, ఆ సాయంత్రమే కుప్ప వేసి పైన టార్పాలిన్ కప్పేయండి, వాన వెలిశాక కుప్ప విప్పి ఆరబెట్టుకోవచ్చు.