టెక్ సందేహాలు: టేబుల్ సా స్టాండు ఊగుతోందా?

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటున్నాం. ఒక పాత పోర్టబుల్ టేబుల్ సా (బల్ల మధ్యలోంచి బ్లేడు పైకి వచ్చే కరెంటు రంపం), దానితోపాటు మడత స్టాండు కొన్నాను. రంపం బాగానే తిరుగుతోంది కానీ స్టాండు ఊగుతోంది. ఒక కాలికి ఉన్న లాక్ పిన్ను పూర్తిగా పడడం లేదు. ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి చూస్తే ఒకవైపు వాలు చూపిస్తోంది. బాగుచేసుకోవచ్చా?

జవాబు: చాలావరకు బాగుచేసుకోవచ్చు. కానీ ఆ పిన్ను సరిగా పడేదాకా రంపం స్విచ్ వేయకండి. బ్లేడు తిరుగుతుండగా కాలు మడత పడితే మీ చేయి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

ప్లగ్ తీసేసి, ఇంకొకరి సాయంతో రంపాన్ని కిందికి దించి, ముందు పిన్ను సంగతి చూడండి. దాని రంధ్రంలో రంపపు పొట్టు, తుప్పు కలిసి గట్టిపడి ఉండడం మామూలే. సన్నని బ్రష్షుతో గీకి శుభ్రం చేయండి. నూనె పోయకండి, పొట్టు దానికి అంటుకొని ముద్దవుతుంది. సిలికాన్ స్ప్రే కూడా వద్దు. అది చెక్కకు తగిలితే తర్వాత వేసే పాలిష్ సరిగా పట్టదు. కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు. పిన్ను పడ్డాక కాలిని చేత్తో మడవడానికి ప్రయత్నించండి. కదలకూడదు. శుభ్రం చేశాక కూడా పడకపోతే కాలు వంగి ఉండవచ్చు. వంగిన గొట్టాన్ని సుత్తితో సరిచేస్తే ఆ చోట బలం పోతుంది. మోడల్ నంబరుతో తయారీదారు సైట్‌లో విడిభాగాల పటం వెతికి, కొత్త కాలు తెప్పించుకోండి.

ఇక కీళ్లు. ఒక చేత్తో కాలిని ఊపుతూ, రెండో చేతి వేలు కీలు మీద పెట్టండి. వదులు ఎక్కడుందో వేలికే తెలుస్తుంది. అక్కడ నైలాన్ రింగు ఉన్న లాక్ నట్టు ఉంటే దాన్ని మార్చేయండి. వాటిని పదేపదే విప్పి బిగిస్తే పట్టు తగ్గుతుంది. వదులు పోయేంతవరకే బిగించండి, కాలు మాత్రం మడవడానికి వీలుగా ఉండాలి. రంధ్రమే కోలగా అరిగిపోయి ఉంటే ఎంత బిగించినా లాభం లేదు, ఆ భాగం మార్చాల్సిందే.

ఊగడానికి, వాలుకు కారణం నేల కూడా కావచ్చు. అమెరికాలో గరాజు నేలలను నీళ్లు పోయేలా తలుపువైపు వాలుగా పోస్తారు. స్టాండు ఊగుతున్న మూల ఏదో గుర్తుపెట్టి, అదే చోట పావువంతు తిప్పి మళ్లీ చూడండి. అదే కాలు పైకి లేస్తే తప్పు స్టాండుది. వేరే కాలు లేస్తే నేలది. చాలా స్టాండ్లలో ఒక కాలి అడుగును తిప్పి పెంచే, తగ్గించే వీలుంటుంది. దానితో సరిచేయండి.

యాప్ చూపించే వాలు గురించి అంతగా బెంగపడకండి. ఫోన్ వెనక కెమెరా ఉబ్బుగా ఉంటుంది కాబట్టి ఫోన్‌ను పొడవాటి అంచు మీద నిలబెట్టి కొలవండి. రంపం బల్ల కాస్త వాలుగా ఉన్నా కోత చెడదు. బ్లేడు బల్లకు నిటారుగా ఉందా, స్టాండు కదలకుండా ఉందా అన్నవే ముఖ్యం.

రంపాన్ని మళ్లీ బిగించేటప్పుడు పాత బోల్టుల పొడవే వాడండి. పొడవు ఎక్కువైతే లోపల మోటారుకు తగలవచ్చు. ప్లగ్ పెట్టకముందే, వాలు మార్చే పిడితో బ్లేడును 0 నుంచి 45 డిగ్రీల దాకా వాల్చి, లోపల ఏదీ తగలడం లేదని చూసుకోండి. అలాగే అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్‌కు రీకాల్ (లోపం వల్ల వెనక్కి పిలవడం) ఉందేమో వెతకండి. పాత యజమానికి అది తెలిసి ఉండకపోవచ్చు.

ప్రశ్న: న్యూజెర్సీ నుంచి హైదరాబాద్ వచ్చేస్తున్నాం. మా టేబుల్ సా, స్టాండు తెచ్చుకోవచ్చా?

జవాబు: స్టాండు తెచ్చుకోండి. రంపం అమ్మేయండి. అది 120 వోల్టులది, ఇక్కడ 230. నేరుగా ప్లగ్ పెడితే మోటారు కాలిపోతుంది. దాని మీద 15 ఆంపియర్లని ఉంటే, అది 1,800 వాట్లు. స్టార్ట్ అయ్యేటప్పటి భారాన్ని కూడా తట్టుకోవాలంటే వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కనీసం 3,000 వీఏ (వోల్ట్ ఆంపియర్లు) సామర్థ్యంది కావాలి. అంత బరువైన పెట్టెను రంపం వెంట మోసుకు తిరగడం కన్నా ఇక్కడే 230 వోల్టుల రంపం కొనుక్కోవడం మేలు. కొనేముందు దాని అడుగున ఉన్న రంధ్రాల మధ్య దూరం కొలిచి, మీ స్టాండుకు సరిపోతుందో లేదో చూసుకోండి.