ఆరుగురి ఇంటికి మూడు వరుసల కారు: ఇప్పుడే కొనాలా, ఏడాదిన్నర ఆగాలా?

ప్రశ్న: మాది గుంటూరు. నేను విజయవాడలో, నా భార్య గుంటూరులో ప్రైవేటు ఉద్యోగాలు చేస్తున్నాం. ఇద్దరికీ కలిపి నెలకు చేతికి 1,28,000 రూపాయలు వస్తాయి. అందులో నా జీతం 82,000. ఇంటి రుణం వాయిదా 31,000, పాప బడి ఫీజు, అమ్మానాన్నల మందులతో సహా ఇంటి ఖర్చులు 52,000, సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలవారీ పెట్టుబడులు) 12,000, బీమా ప్రీమియంలు 5,000 పోతాయి. నాలుగు నెలల్లో రెండో కాన్పు ఉంది. ప్రసూతి సెలవు పూర్తయ్యాక నా భార్య మరో ఆరు నెలలు జీతం లేని సెలవు పెట్టాలనుకుంటోంది. ఇప్పుడున్న చిన్న కారును ఎక్స్ఛేంజ్‌లో 4 లక్షలకు ఇచ్చి, 5 లక్షల ఎఫ్‌డీలోంచి 3 లక్షలు తీసి, మిగతా 15 లక్షలు రుణం తీసుకుని 22 లక్షల పెట్రోల్ ఎస్‌యూవీ కొనాలని ఆలోచన. 9 శాతం వడ్డీకి ఏడేళ్ల గడువు ఇస్తామంటున్నారు. జీఎస్టీ తగ్గింది కనుక ఇదే మంచి తరుణమని షోరూమ్‌ వారి మాట. ముందుకు వెళ్లవచ్చా?

జవాబు: ఇప్పుడు వద్దు. ఏడాదిన్నర తరువాత, ఇంతకంటే తక్కువ ధరలో మూడు వరుసల కారు కొనుక్కోవడం మీకు సాధ్యమే. ఆ రెండు మాటలకూ కారణాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి.

ఖర్చులన్నీ పోగా మీకు నెలకు 28,000 రూపాయలు మిగులుతున్నాయి. 15 లక్షల రుణానికి 9 శాతం వడ్డీతో ఏడేళ్లకు వాయిదా 24,134 రూపాయలు అవుతుంది కనుక సరిపోతుందనిపించడం సహజమే. అయితే ఈ లెక్క రెండు జీతాలూ వచ్చే నెలలకు మాత్రమే చెల్లుతుంది. రెండో బిడ్డకు కూడా చట్టం ప్రకారం 26 వారాలు జీతంతో కూడిన సెలవు ఉంటుంది కాబట్టి అప్పటివరకు ఇబ్బంది లేదు. ఆ తరువాతి ఆరు నెలల్లో మీ ఒక్కరి 82,000 మీదే ఇల్లు నడవాలి. ఖర్చులేమో ఇప్పుడే లక్ష ఉన్నాయి, అంటే కారు లేకుండానే నెలకు 18,000 లోటు. దానికి కొత్త వాయిదా, పెరిగే పెట్రోలు ఖర్చు కలిస్తే లోటు నెలకు 45,000 దాటుతుంది, ఆరు నెలలకు 2.7 లక్షల పైమాట. అప్పటికి మీ ఎఫ్‌డీలో మిగిలేది 2 లక్షలు. కాన్పు ఖర్చు, చంటిబిడ్డ టీకాలు, డైపర్లు ఇందులో ఎక్కడా లేవు. పెద్దవాళ్లిద్దరున్న ఇంట్లో అత్యవసర నిధిని కారు ముందస్తు చెల్లింపుగా మార్చడం ఏ ఏడాదైనా మంచిది కాదు, ఈ ఏడాది మరీను.

పెట్రోలు సంగతి కూడా చూడండి. మీరు నెలకు సుమారు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతారనీ, మన రాష్ట్రంలో లీటరు 110 రూపాయలకు అటూ ఇటూ ఉందనీ అనుకుంటే, లీటరుకు 17 కిలోమీటర్లిచ్చే చిన్న కారుకు దాదాపు 6,500 అవుతుంది. ఊళ్లోనూ హైవే మీదా కలిపి 11 ఇచ్చే పెద్ద పెట్రోలు బండికి 10,000 అవుతుంది. ఇంజిన్ 1500 సీసీ దాటితే థర్డ్ పార్టీ బీమా ప్రీమియం కూడా అంతకంటే చిన్న ఇంజిన్‌తో పోలిస్తే రెట్టింపు కంటే ఎక్కువ.

ఇక జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన రేట్లలో పెద్ద ఎస్‌యూవీలపై సెస్సుతో కలిపి 50 శాతం దాకా ఉన్న భారం 40 శాతానికి తగ్గిన మాట నిజమే. కానీ అది పండుగ ఆఫరు కాదు, గడువు తేదీ ఉన్న రాయితీ అంతకన్నా కాదు. వచ్చే ఏడాది కొన్నా, రేటు మారనంత వరకు, మీకు అదే వర్తిస్తుంది. అసలు తేడా మరోచోట ఉంది. పొడవు నాలుగు మీటర్లు మించకుండా, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ లోపు లేదా డీజిల్ 1500 సీసీ లోపు ఉన్న కార్లకు పన్ను 18 శాతమే. మూడు వరుసల బండ్లలో రెనో ట్రైబర్, మహీంద్రా బొలెరో వంటి కొన్నే ఈ కోవలోకి వస్తాయి. ఎర్టిగా, కారెన్స్ మొదలు ఇన్నోవా, సఫారీ దాకా మిగతా పెట్రోలు, డీజిల్ బండ్లు 40 శాతం కిందివే. దీనికి తోడు రాష్ట్ర లైఫ్ ట్యాక్స్ శాతం కూడా కారు ధరను బట్టి పెరుగుతుంది. ఈ పన్నులేవీ కారు అమ్మేటప్పుడు విడిగా తిరిగి రావు. అందుకే రెండు మూడేళ్లు నడిచిన, సర్వీసు రికార్డులు సరిగ్గా ఉన్న మూడు వరుసల కారును కూడా చూడమని సలహా ఇస్తాను.

ఏడు సీట్లు అనగానే ఏడుగురూ హాయిగా కూర్చుంటారనుకోవద్దు. పసిబిడ్డ సీటును రెండో వరుసలో బిగించాలి, దాన్ని తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు సాధారణంగా అక్కడే ఉంటాయి. అది బిగించాక, రెండో వరుస ఒకే బెంచీలా ఉంటే, వెనక్కి వెళ్లే దారి ఒకవైపే మిగులుతుంది. ఆ మూడో వరుసలోకి వంగి ఎక్కేది ఎవరు? మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు ఎక్కలేరు. అంటే మీ భార్య, పాప వెనక్కి వెళితే, చంటిబిడ్డ పక్కన అమ్మ ఉండదు. పైగా మూడో వరుస వాడుకలో ఉన్నప్పుడు సామాన్ల చోటు బాగా కుదించుకుపోతుంది: ఎర్టిగాలో 209 లీటర్లు, ట్రైబర్‌లో 84 లీటర్లే. ఆరుగురి తిరుపతి ప్రయాణానికి కావలసిన పెట్టెలు, పిల్లల బండి అందులో పట్టవు. కాబట్టి టెస్ట్ డ్రైవ్‌కు మీరొక్కరే వెళ్లకండి. అమ్మానాన్నలను, పాపను వెంటబెట్టుకుని మంగళగిరి దాకా వెళ్లిరండి, పక్క ఎయిర్‌బ్యాగుల రక్షణ మూడో వరుసకు అందుతుందో లేదో అడగండి. ఇంటి ముందు బండి నిలిచే చోటు కూడా కొలవండి. మీ ఇల్లు బ్రాడీపేట అడ్డరోడ్లలాంటి చోట ఉంటే ఇది చిన్న విషయం కాదు.

ఆరుగురూ ఒకే బండిలో వెళ్లే రోజులు ఏడాదికి ఎన్నో కూడా లెక్కవేయండి. గుంటూరు నుంచి తిరుపతి రానూపోనూ 800 కిలోమీటర్లనుకుని, అద్దె ఇన్నోవాకు కిలోమీటరుకు 20 రూపాయల చొప్పున వేసినా 16,000. అలాంటివి రెండు, దగ్గరి ఊళ్ల పెళ్లిళ్లకు మరికొన్ని కలిపినా ఏడాదికి 50,000 దాటడం కష్టం. మీరు అనుకున్న వాయిదాలు ఏడాదికి 2.9 లక్షలు.

నేను సూచించే దారి ఇది. ఈ నెల నుంచే ఆ 28,000 మిగులును రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. జీతం లేని సెలవు మొదలయ్యే దాకా ఉన్న సుమారు పది నెలల్లో 2.8 లక్షలు కూడుతుంది. ఆరు నెలల లోటుకు 1.08 లక్షలు, కాన్పుకు, పసిబిడ్డ ఖర్చులకు కొంత పోయినా లక్ష మిగలవచ్చు, ఎఫ్‌డీ జోలికి వెళ్లనక్కర్లేదు. మీ భార్య తిరిగి ఉద్యోగంలో చేరి, మొదటి రెండు జీతాలు చేతికొచ్చాక, 13.5 లక్షల ఆన్‌రోడ్ ధర (పన్నులు, బీమాతో కలిపి) లోపు బండి చూడండి. పాత కారుకు అప్పటికి 3.5 లక్షలు వచ్చినా, ఆ లక్షతో కలిపి రుణం 9 లక్షలకు పరిమితమవుతుంది. ఐదేళ్లకు వాయిదా సుమారు 18,700. ఐదేళ్లకు మించి గడువు తీసుకోవద్దు. మీరు అనుకున్న 15 లక్షలకే ఐదేళ్లయితే వడ్డీ 3.7 లక్షలు, ఏడేళ్లయితే 5.3 లక్షలు. కారు రుణం స్థిర వడ్డీదైతే ముందుగా తీర్చినప్పుడు రుసుము ఎంతో సంతకానికి ముందే కాగితం మీద చూసుకోండి.

కాన్పుకు ముందే చేయవలసిన పని మరొకటుంది. కొంతకాలం ఇల్లంతా మీ జీతం మీదే ఆధారపడనుంది కనుక మీ పేరిట టర్మ్ జీవిత బీమా పాలసీ తగినంత ఉందో లేదో చూసుకోండి, పుట్టబోయే బిడ్డను ఆరోగ్య బీమాలో ఎప్పటి నుంచి చేర్చుకుంటారో సంస్థను అడగండి.

చివరికి కారు కొనేటప్పుడు, పాత కారుపై మీకు వచ్చిన నో క్లెయిమ్ బోనస్ (బీమా క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) బండిది కాదు, మీదని గుర్తుంచుకోండి. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేముందు ఆ ధ్రువపత్రం తీసుకుంటే కొత్త కారు సొంత నష్ట ప్రీమియంలో (మీ బండికి జరిగే నష్టానికి కట్టే భాగం) 50 శాతం దాకా తగ్గవచ్చు. బీమా షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. ధర 10 లక్షలు దాటితే వసూలు చేసే 1 శాతం టీసీఎస్‌ను (అమ్మేవారు ముందుగా వసూలు చేసే పన్ను) ఆదాయపు పన్ను రిటర్నులో చూపి సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా రిఫండ్ పొందవచ్చు. బిల్లులో మీ పాన్ సంఖ్య సరిగ్గా పడిందో లేదో అక్కడే సరిచూసుకోండి.